క్యాబిన్ క్రూ గాయాల ముప్పు కొలవాలంటే: వీఆర్ కొనాలా, మాకప్ చాలా, సెన్సర్లు కట్టాలా?

ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం అనగానే మన ఇళ్ళల్లో ఇప్పటికీ మాట్లాడుకునేది ఎత్తు గురించి, రంగు గురించి, ఇంగ్లిషు గురించి. ఆ అమ్మాయి నడుము గురించి, భుజాల గురించి అడిగేవాళ్ళు తక్కువ. గాయాలు, అనారోగ్యాలు ఎక్కువగా ఉండే వృత్తుల్లో ఫ్లైట్ అటెండెంట్ల పని ఒకటని అమెరికా కార్మిక గణాంకాల సంస్థ రాస్తోంది. ఆ దేశపు విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ లెక్కల ప్రకారం 2009 నుంచి 2022 వరకు టర్బులెన్స్‌లో (గాలి కుదుపుల్లో) తీవ్రంగా గాయపడ్డవాళ్ళు 163 మంది. వాళ్ళలో ప్రయాణికులు 34 మందే, మిగతా 129 మందీ సిబ్బంది. ప్రయాణికులు బెల్టు పెట్టుకుని కూర్చుంటారు, క్రూ నిలబడి పనిచేస్తారు, తేడా అక్కడే వస్తుంది. పైగా ఇవి కుదుపుల గాయాలు మాత్రమే. ట్రాలీలు తోసి తోసి పట్టేసిన నడుములూ, పై అరల్లోంచి పెట్టెలు దించి దించి అరిగిపోయిన భుజాలూ ఈ లెక్కలో లేవు.

ఈ ముప్పును ముందే పసిగట్టడానికి వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్ళకు హెడ్‌సెట్ పెట్టుకుని చూసే కంప్యూటర్ దృశ్యం) వాడదామా అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎయిర్‌లైన్ సేఫ్టీ విభాగంలో ఉన్నా, ట్రైనింగ్ సంస్థ నడుపుతున్నా, ఎర్గోనమిక్స్‌లో (పనిని శరీరానికి తగ్గట్టు మలిచే శాస్త్రంలో) ప్రాజెక్టు వెతుక్కుంటున్నా మీ ముందున్న దారులు ఇంచుమించు ఇవే: చూసి రాసుకోవడం, మాకప్‌లో (నేల మీద కట్టిన నమూనా క్యాబిన్‌లో) నిజం ట్రాలీతో కొలవడం, ఒంటికి సెన్సర్లు కట్టి నిజం ఫ్లైట్లలో కొలవడం, వీఆర్, వీఆర్‌కు నిజం వస్తువులు జోడించడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వీఆర్ భంగిమను చూపిస్తుంది, బరువును చూపించదు. ఈ ఒక్క మాట గుర్తుంటే ఎక్కడ కొనాలో, ఎక్కడ వద్దనాలో తేలిగ్గా తెలిసిపోతుంది.

ఇంకో విషయం కూడా ఇక్కడే విడదీసుకుందాం. వీఆర్‌తో శిక్షణ వేరు, వీఆర్‌తో ముప్పు అంచనా వేరు. లుఫ్తాన్సా ఏవియేషన్ ట్రైనింగ్ క్యాబిన్ క్రూ ఎమర్జెన్సీ శిక్షణలో కొంత భాగాన్ని వీఆర్‌లోకి మార్చింది. గ్రౌండ్ హ్యాండ్లింగ్ సిబ్బంది కోసం ఐయాటా (అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం) దగ్గర ర్యాంప్‌వీఆర్ ఉంది. మనిషి విధానాన్ని గుర్తుపెట్టుకున్నాడా, తప్పును కనిపెట్టాడా అన్నది శిక్షణకు చాలు. ముప్పు అంచనాకు కీళ్ళ కోణాలు డిగ్రీల్లోనూ, దూరాలు సెంటీమీటర్లలోనూ కావాలి. శిక్షణ కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌కు ఒక రిపోర్టు పేజీ తగిలించి "రిస్క్ అసెస్‌మెంట్" అని అమ్మితే మోసపోకండి.

## ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముందు, మీరు ఏ గాయం గురించి ఆలోచిస్తున్నారు? వంగడం, సాగడం, మెలి తిరగడం వల్ల వచ్చేవి ఒక రకం. కింది అరలోంచి ట్రేలు లాగడం, కిటికీ పక్క సీటుకు చెయ్యి చాచి కప్పు అందించడం ఇందులోకి వస్తాయి. రెండో రకం బలం వల్ల వచ్చేవి: ట్రాలీ తోయడం, దాని బ్రేకు తొక్కడం, నిండు పెట్టెను గ్యాలీ (విమానంలోని వంటగది) పై అరకు ఎత్తడం. మూడోది అకస్మాత్తుగా జరిగేది, అంటే కుదుపులో పడిపోవడం, వేడినీళ్ళు ఒలకడం, ఓవర్‌హెడ్ బిన్‌లోంచి బ్యాగు జారి మీద పడటం. నాలుగోది నెలల తరబడి పేరుకునే అలసట. ఈ నాలుగింటినీ కొలవడం ఏ ఒక్క పద్ధతికీ సాధ్యం కాదు. అన్నిటికీ ఒకే పరికరం చాలని ఎవరైనా అంటే ఆ సంభాషణ అక్కడితో ఆపేయవచ్చు.

తర్వాత చూడవలసింది కొలత నిజమైన పనికి ఎంత దగ్గరగా ఉందన్నది. ఎవరికీ హాని లేకుండా చేయగలమా, అదే పరిస్థితిని పది మంది మీద ఒకేలా తిరిగి సృష్టించగలమా అన్నవి ఆ వెంటనే వస్తాయి. ఖర్చు, అనుమతులు, పట్టే సమయం గురించి ఎలాగూ మీ ఫైనాన్స్ వాళ్ళే అడుగుతారు. వాళ్ళు అడగనిది ఒకటుంది. క్రూ శరీరం నుంచి వచ్చిన ఈ డేటా ఎవరి చేతికి వెళ్తుంది? దీన్ని చివర్లో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలా ప్రాజెక్టులు సాంకేతికంగా బాగుండి కూడా ఇక్కడే ఆగిపోతాయి.

## చూసి రాసుకోవడం

ఇది అన్నిటికంటే పాతది, చౌకైనది. భంగిమకు మార్కులు వేసే పద్ధతులు ఇందులో రెండు: రూలా 1993లో వచ్చింది, రెబా 2000లో. మెడ, వెన్ను, కాళ్ళు, చేతులు, మణికట్లు ఏ కోణంలో ఉన్నాయో చూసి అంకెలు వేయడమే పని. రూలాలో స్కోరు 1 నుంచి 7 వరకు, రెబాలో 1 నుంచి 15 వరకు వస్తుంది. రెబాలో 11 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వెంటనే మార్చమని అర్థం.

క్యాబిన్‌లో దీనికి ఉన్న ఇబ్బంది చోటు. నియమాల ప్రకారం పెద్ద ప్రయాణికుల విమానంలో నడవ వెడల్పు నేల దగ్గర కనీసం 38 సెంటీమీటర్లు ఉండాలి, కాస్త పైన 51. అందులో 30 సెంటీమీటర్ల వెడల్పున్న ట్రాలీ, దానికి అటొకరు ఇటొకరు. పరిశీలించే మనిషి ఎక్కడ నిలబడాలి? వీడియో తీద్దామంటే ప్రయాణికుల ముఖాలన్నీ పడతాయి. అందుకే గ్యాలీ పనికి ఈ పద్ధతి బాగా కుదురుతుంది, నడవలో పనికి అంతగా కుదరదు. పైగా రెబా ఒక్క క్షణాన్నే చూస్తుంది. ఆ క్షణం రోజుకు ఎన్నిసార్లు వస్తుందో అది దాదాపు పట్టించుకోదు.

అయినా ఎవరైనా సరే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి. దీనికి తోడుగా నార్డిక్ ప్రశ్నావళి ఉంది. శరీరాన్ని తొమ్మిది భాగాలుగా గీసి, గత పన్నెండు నెలల్లో ఎక్కడ నొప్పి వచ్చిందో అడుగుతారు. కాగితమూ పెన్నూ ఉంటే చాలు. ఏ భుజం నొప్పో, ఏ నడుము నొప్పో తెలియకుండా హెడ్‌సెట్ కొని ఏం చేస్తాం?

## మాకప్, నిజం ట్రాలీ

ట్రైనింగ్ సెంటర్లలో తలుపులు తీయడానికీ, స్లైడ్ మీద జారడానికీ కట్టిన క్యాబిన్ మాకప్‌లు ఉంటాయి. వాటిలో ఒక నిజమైన ట్రాలీ పెట్టి, నీళ్ళ సీసాలతో నింపి, హ్యాండిల్‌కు ఫోర్స్ గేజ్ (బలాన్ని కొలిచే పరికరం) తగిలించి తోయించండి. కదిలించడానికి ఎంత బలం కావాలో, కదిలాక ఎంత కావాలో విడివిడిగా రాసుకోండి. ఇలా తోయడం, లాగడం అంచనా వేయడానికి ఐఎస్‌ఓ 11228 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని రెండో భాగం ఉంది. బలం వల్ల వచ్చే గాయాలకు నాకు తెలిసినంతలో దీన్ని మించిన పద్ధతి లేదు.

ఇక్కడ చాలామంది మరచిపోయేది నేల వాలు. మాకప్ నేల సమంగా ఉంటుంది. గాలిలో విమానం అలా ఉండదు. క్రూయిజ్‌లో (పై ఎత్తులో నిలకడగా ఎగురుతున్నప్పుడు) కూడా ముక్కు సాధారణంగా రెండున్నర, మూడు డిగ్రీలు పైకి ఉంటుంది. పైకెక్కుతున్నప్పుడే సర్వీసు మొదలుపెడితే వాలు ఇంకా ఎక్కువ. 80 కిలోల ట్రాలీ తీసుకుని లెక్క వేద్దాం. రెండున్నర డిగ్రీల వాలులో దాన్ని ముందు వైపు తోయడానికి, చక్రాల రాపిడిని పక్కన పెట్టినా, వాలు ఒక్కటే సుమారు 34 న్యూటన్లు అడుగుతుంది. అంటే మూడున్నర కిలోల బరువు. 5 డిగ్రీల్లో అది 68 న్యూటన్లు, 8 డిగ్రీల్లో 109. అంటే 11 కిలోలకు పైగా, అదీ రాపిడి కాకుండా. సమతలం మీద "పరవాలేదు" అని వచ్చిన ట్రాలీయే పైకెక్కే విమానంలో నడుము పట్టేయించడానికి కారణం ఇదే. కాబట్టి మాకప్‌లో ఒక చెక్క ర్యాంపు వేయించండి. ఖర్చు పెద్దగా ఉండదు, దాంతో వచ్చే తేడా మాత్రం చాలా పెద్దది. అరిగిన చక్రాలున్న ట్రాలీనీ, కొత్త ట్రాలీనీ రెండింటినీ కొలవండి. ఫ్లైట్‌లో క్రూకు ఏది దొరుకుతుందో వాళ్ళ చేతిలో ఉండదు కదా.

మాకప్‌కున్న లోపం అది ఒకే విమానం కావడం. గ్యాలీ అమరిక మారిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే కార్పెంటర్‌ను పిలవాలి. కుదుపుల్లాంటి ప్రమాదకర పరిస్థితులనూ ఇందులో సృష్టించలేం.

## ఒంటికి సెన్సర్లు

చిన్న మోషన్ సెన్సర్లను వెన్ను, చేతులు, తొడల మీద పట్టీలతో కట్టి నిజం డ్యూటీలో కొలిచే పద్ధతి ఇది. పేరుకునే అలసటను చూడాలంటే ఇదొక్కటే దారి. ఒక సెక్టార్‌లో (ఒక టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా) ఎన్నిసార్లు వంగింది, ఎంతసేపు భుజం పైకెత్తి ఉంచింది, రోజులో నాలుగో ఫ్లైటుకు వచ్చేసరికి కదలిక ఎలా మారింది వంటివి ల్యాబ్‌లో దొరకవు.

కానీ విమానం తనంతట తాను కదులుతుంది. సెన్సర్ పట్టుకునే కుదుపులో కొంత మనిషిది, కొంత విమానానిది. అందుకే ఒక సెన్సర్‌ను గ్యాలీ గోడకు కూడా అతికించి, దాని రీడింగును తీసేయాలి. చుట్టూ లోహం, ఓవెన్లు, కరెంటు తీగలు ఉండటంతో అయస్కాంత దిక్కు మీద ఆధారపడే సెన్సర్లు దారి తప్పుతాయి. ఎయిర్‌లైన్ అనుమతి, యూనిఫాం కింద అవి కనిపించకుండా కట్టడం, ఎమర్జెన్సీలో అడ్డం రాకుండా చూడటం అదనపు పనులు. నెలల వ్యవధి ఉన్నవాళ్ళే దీని జోలికి వెళ్ళాలి.

## వీఆర్

వీఆర్ నిజంగా గెలిచే చోటు ఒకటుంది: ఇంకా తయారు కాని క్యాబిన్. 2023లో ఇండిగో ఒక్కసారిగా 500 ఏ320 రకం విమానాలకు ఆర్డరిచ్చింది, ఎయిరిండియా 470 విమానాలకు ఇచ్చింది. ఇలాంటి విమానాల్లో గ్యాలీ ఎలా ఉండాలి, ఓవెన్ ఏ ఎత్తులో, పెట్టెలు ఏ అరలో అన్నవి విమానం రాకముందే ఖరారవుతాయి. వచ్చాక మార్చాలంటే ఆ మార్పుకు మళ్ళీ సర్టిఫికేషన్ కావాలి. ఆ దశలో 155 సెంటీమీటర్ల అమ్మాయినీ, 180 సెంటీమీటర్ల అబ్బాయినీ వీఆర్ గ్యాలీలో నిలబెట్టి పై అరను పది సెంటీమీటర్లు కిందికి జరిపి చూడొచ్చు. ఒక మధ్యాహ్నంలో ఆరు అమరికలు పోల్చవచ్చు. అదే పని మాకప్‌తో చేయాలంటే ఆరు మాకప్‌లు కావాలి.

ఇప్పుడు ఒక లెక్క. ఎత్తే బరువులకు అమెరికా వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ఉంది. అన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోలతో మొదలై, చేతులు ఎంత దూరం చాచారు, ఎంత ఎత్తుకు, ఎన్నిసార్లు అన్నదాన్నిబట్టి తగ్గుతూ వస్తుంది. 90 సెంటీమీటర్ల ఎత్తు బల్ల మీది పెట్టెను 160 సెంటీమీటర్ల అరలోకి, నిమిషానికోసారి చొప్పున గంటలోపే ఉండే పనిలో పెడుతున్నారనుకుందాం. పై అరలో పెట్టే క్షణంలో చేతులు చీలమండల నుంచి 40 సెంటీమీటర్ల ముందుకు ఉంటే సిఫారసు చేసే బరువు 8.9 కిలోలు. చేతులు 55 సెంటీమీటర్లు చాచవలసి వస్తే అది 6.5 కిలోలకు పడిపోతుంది. పెట్టె బరువు 12 కిలోలైతే మొదటి సందర్భంలో పరిమితికి 1.35 రెట్లు, రెండో దాంట్లో 1.85 రెట్లు. పెట్టె మారలేదు, అర మారలేదు, మనిషి నిలబడ్డ చోటు పదిహేను సెంటీమీటర్లు మారింది అంతే. ఈ సూత్రం ఇరుకు చోట్లకూ, కదిలే నేలకూ ఉద్దేశించింది కాదు. కాబట్టి గ్యాలీలో వచ్చే అంకెను కనీస ముప్పుగానే చూడాలి.

ఆ పదిహేను సెంటీమీటర్లను వీఆర్ పట్టగలదా? పట్టగలదు, పాదాలకు ట్రాకర్లు (స్థానాన్ని చెప్పే చిన్న పరికరాలు) ఉంటే. మార్కెట్లో దొరికే మామూలు హెడ్‌సెట్‌కు తెలిసేవి మూడు చోట్లే: తల, రెండు చేతులు. కాళ్ళు, నడుము ఎక్కడున్నాయో అది ఊహిస్తుంది. తెర మీద కనిపించే బొమ్మ కాళ్ళు అందంగా కదులుతాయి గానీ అవి ఆ మనిషి కాళ్ళు కావు. నడుముకూ రెండు పాదాలకూ విడిగా ట్రాకర్లు కట్టకుండా వచ్చిన రెబా స్కోరునూ, నియోష్ అంకెనూ నేను నమ్మను. మీరూ నమ్మకండి.

హెడ్‌సెట్ వల్ల వచ్చే తప్పులు మరికొన్ని ఉన్నాయి. మెటా క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. తల ముందు అంత బరువు పెట్టి మెడ భంగిమను కొలుస్తున్నాం. పైగా అందులో కిందికి కనిపించేది మన కళ్ళకు కనిపించేదానికంటే తక్కువ. కాబట్టి కింది అరను చూడటానికి మామూలుగా వంగేదానికంటే ఎక్కువగా తల వంచుతారు. మెడ స్కోరు ఎక్కువ వస్తే అది గ్యాలీ తప్పో హెడ్‌సెట్ తప్పో చెప్పలేం. వీఆర్‌లో దూరాలు ఉన్నవాటికంటే తక్కువగా అనిపిస్తాయన్నది కూడా చాలాకాలంగా తెలిసిన విషయమే.

బరువు సంగతి అన్నిటికంటే ముఖ్యం. చేతిలో ఉన్నది ఒక చిన్న ప్లాస్టిక్ కంట్రోలర్. 12 కిలోల పెట్టెను ఎత్తేటప్పుడు మనిషి ముందు దగ్గరికి జరుగుతాడు, మోకాళ్ళు వంచుతాడు, పెట్టెను పొట్టకు ఆనించుకుంటాడు. కంట్రోలర్ పట్టుకున్నప్పుడు ఇవేవీ చేయడు, ఉన్నచోటు నుంచే చెయ్యి చాచి పెట్టేస్తాడు. అందుకే వీఆర్‌లో అందుకునే ఎత్తును నమ్మవచ్చు, ఎత్తే వేగాన్నీ వెన్ను మీద పడే భారాన్నీ నమ్మకూడదు. వీఆర్ ట్రాలీకైతే అసలు తోపుడే లేదు.

ఇక టర్బులెన్స్. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానంలో నిలువు త్వరణం 0.6 సెకన్లలో +1.35జీ నుంచి –1.5జీకి పడిపోయిందని ప్రాథమిక దర్యాప్తులో తేలింది (1జీ అంటే మామూలు గురుత్వాకర్షణ). బెల్టు లేనివాళ్ళు పైకి ఎగిరిపడ్డారు. దీన్ని ఏ హెడ్‌సెట్టూ శరీరానికి చూపించలేదు. తెర ఊగి శరీరం ఊగకపోతే వచ్చేది వికారం. కానీ కుదుపు మొదలైన క్షణంలో మనిషి ఏం చేస్తుందో వీఆర్ చూపించగలదు. ట్రాలీ బ్రేకు వేసిందా? వేడి కాఫీ జగ్గు నేల మీద పెట్టిందా? దగ్గరలో ఉన్న ఖాళీ సీట్లో కూర్చుందా, లేక దూరంగా ఉన్న, సిబ్బంది కూర్చునే జంప్‌సీటు దాకా వెళ్ళబోయిందా? తీవ్రమైన కుదుపుల్లో ఎఫ్‌ఏఏ సలహా కూడా ఇదే: ఉన్నచోటే బ్రేకు, వేడి ద్రవాలు నేల మీద, దగ్గరి సీట్లో వెంటనే కూర్చోవడం. ఈ క్రమానికి ఎన్ని సెకన్లు పడుతోంది, నడవ మధ్యలో పట్టుకోవడానికి ఏం దొరుకుతోంది అన్నది ఎవరికీ దెబ్బ తగలకుండా కొలవగలిగేది వీఆర్‌లోనే. గాయం తీవ్రతను కాకుండా గాయానికి ముందున్న నిర్ణయాన్ని కొలుస్తున్నామని గుర్తుంచుకుంటే ఇది చాలా విలువైన కొలత.

ఒక జాగ్రత్త. వీఆర్‌లో తల తిరగడం, వికారం మామూలే. 1993లో వచ్చిన సిమ్యులేటర్ సిక్‌నెస్ ప్రశ్నావళిలోని పదహారు లక్షణాలను ముందూ వెనకా అడగండి. సెషన్లు చిన్నవిగా ఉంచండి. వీఆర్ నుంచి నేరుగా ఫ్లైట్ డ్యూటీకి మాత్రం ఎవరినీ పంపకండి.

## వీఆర్‌కు నిజం వస్తువులు జోడిస్తే

నిజం ట్రాలీకి ట్రాకర్ బిగించి, అదే ట్రాలీని వీఆర్‌లో చూపించడం. చేతికి హ్యాండిల్ తగులుతుంది, తోస్తే బరువు తెలుస్తుంది, కళ్ళకు నిండు క్యాబిన్ కనిపిస్తుంది. నడవలో కాలు చాచి కూర్చున్న ప్రయాణికుడినీ, వెనకనుంచి "ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ తోసుకొచ్చేవాడినీ చూపించి, వాళ్ళను తప్పించుకునేటప్పుడు నడుము ఎంత మెలి తిరుగుతుందో చూడవచ్చు. మాకప్ ఇవ్వలేనిదీ, ఉత్త వీఆర్ ఇవ్వలేనిదీ రెండూ ఇందులో దొరుకుతాయి.

శ్రమ కూడా ఇందులోనే ఎక్కువ. కనిపించే హ్యాండిల్‌కూ తగిలే హ్యాండిల్‌కూ మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా వచ్చినా చెయ్యి తడబడుతుంది. పొడవాటి ఖాళీ హాలు కావాలి. కళ్ళు కప్పుకుని 80 కిలోలు తోస్తున్న మనిషి పక్కన ఎప్పుడూ ఒకరు నిలబడాలి. గాయాల ముప్పు కొలవబోయి గాయం చేస్తే ఎలా?

కంప్యూటర్లో మనిషి బొమ్మను కూర్చోబెట్టి కొలిచే డిజిటల్ హ్యూమన్ మోడల్ సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. డిజైన్ ఆఫీసుల్లో పనికొస్తాయి. నిజం మనిషి ఎలా కదులుతుందో అవి చెప్పవు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

## ఒక్కచోట చూస్తే

| | చూసి రాయడం | మాకప్ | సెన్సర్లు | వీఆర్ | వీఆర్ + వస్తువులు |
|---|---|---|---|---|---|
| భంగిమ | గ్యాలీలో బాగు | బాగు | చాలా బాగు | ట్రాకర్లుంటే బాగు | బాగు |
| బలం, బరువు | అంచనాయే | అన్నిటికంటే మేలు | నేరుగా తెలియదు | లేదు | బాగు |
| కుదుపులో ప్రవర్తన | అదృష్టాన్నిబట్టి | కొంతవరకు | జరిగితేనే తెలుస్తుంది | బాగు | జాగ్రత్త అవసరం |
| రోజంతా అలసట | కష్టం | లేదు | ఇదొక్కటే | లేదు | లేదు |
| ఇంకా రాని విమానం | లేదు | కట్టాలి | లేదు | అన్నిటికంటే మేలు | బాగు |
| ఖర్చు | అతి తక్కువ | మాకప్ ఉంటే తక్కువ | మధ్యస్థం | హెడ్‌సెట్ తక్కువ, మోడల్ తయారీ ఎక్కువ | ఎక్కువ |
| అడ్డంకి | చోటు | ఒకే అమరిక | అనుమతి, నమ్మకం | బరువు లేకపోవడం | సెటప్ శ్రమ |

ఖర్చు గడిని కొంచెం వివరించాలి. హెడ్‌సెట్ ఒక మంచి ఫోను ధరకు వచ్చేస్తుంది. డబ్బంతా పోయేది మీ విమానపు గ్యాలీని సెంటీమీటరు తేడా లేకుండా మోడల్ చేయించడంలో. డ్రాయింగులు ఇవ్వమని తయారీదారును అడిగితే అంత తొందరగా ఇవ్వరు. చాలాచోట్ల రాత్రిపూట నిలిపి ఉంచిన విమానంలోకి టేపు పట్టుకుని వెళ్ళి కొలుచుకోవలసిందే.

## మీరు ఎవరన్నదాన్నిబట్టి

ఎయిర్‌లైన్ సేఫ్టీ విభాగమైతే ముందు మీ దగ్గరున్న గాయాల రిజిస్టరు తీయండి. ట్రాలీ, నడుము ఎక్కువగా కనిపిస్తే వీఆర్ ఆలోచన పక్కన పెట్టి మాకప్, ర్యాంపు, ఫోర్స్ గేజ్‌తో మొదలుపెట్టండి. కొత్త విమానాల గ్యాలీ ఇంకా ఖరారు కాకపోతే మాత్రం వీఆర్‌కు ఇదే సమయం, ఆలస్యం చేయకండి. రెండూ కుదిరితే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఐదారుగురితో ఒకే పనిని మాకప్‌లోనూ వీఆర్‌లోనూ చేయించి కోణాలు పోల్చండి. ఏ కీళ్ళ దగ్గర రెండూ కలుస్తున్నాయో ఆ కీళ్ళకే వీఆర్ అంకెలను వాడండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విశాఖలోనో క్యాబిన్ క్రూ కోర్సు నడుపుతున్నవాళ్ళయితే ముప్పు అంచనా కోసం వీఆర్ కొనవద్దు. ఒక పాత ట్రాలీ, నీళ్ళ సీసాలు, ర్యాంపు, ఒక తూకం చాలు. పిల్లలకు వాలులో ట్రాలీ ఎంత బరువెక్కుతుందో చేతికి తెలియనివ్వండి. ఉద్యోగం రాకముందే ఆ జ్ఞానం వస్తే ముప్పై ఏళ్ళకే నడుము బెల్టు పెట్టుకునే అవసరం తగ్గుతుంది. శిక్షణకు ఇప్పటికే హెడ్‌సెట్లు ఉంటే టర్బులెన్స్ క్రమాన్ని సాధన చేయించడానికి వాడండి.

గ్యాలీలు, సీట్లు డిజైన్ చేసేవాళ్ళకు నా సలహా నేరుగా వీఆర్. అయితే "ఈ అమరిక సురక్షితం" అని వీఆర్‌ను చూపించి చెప్పకండి. "దానికంటే ఇది మేలు" అని మాత్రమే చెప్పండి. హెడ్‌సెట్ తప్పులు రెండు అమరికల్లోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి పోలిక నిలబడుతుంది. విడిగా తీసిన అంకె నిలబడదు.

ఎంటెక్, ఎంఎస్‌ విద్యార్థులకు: ఒక్క అర, ఒక్క పెట్టె, రెండు ఎత్తులు. అంతకంటే పెద్ద ప్రశ్న పెట్టుకుంటే ఏడాదిలో పూర్తి కాదు. యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో గ్యాలీ గీసుకోవచ్చు. నిజం ప్రయోగాన్ని పక్కనుంచి ఫోనులో తీసి ఉచితంగా దొరికే కినోవియా అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో కోణాలు కొలవచ్చు. ఈ రెంటి మధ్య తేడాయే మీ థీసిస్. వీఆర్ ఎక్కడ తప్పుతుందో నిజాయతీగా చూపించే పని ఈ రంగానికి ఇప్పుడు చాలా అవసరం.

క్రూలో మీరే ఒకరైతే, లేదా యూనియన్‌లో ఉంటే నార్డిక్ ప్రశ్నావళిని మీరే నింపించి ఉంచుకోండి. అంకెలు మీ చేతిలో ఉంటే మేనేజ్‌మెంట్‌తో మాట కలపడం తేలిక.

## డేటా ఎవరిది?

2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 511 మంది వీఆర్ కదలికలను తీసుకుని, ఒక్కొక్కరి నుంచి ఐదు నిమిషాల కంటే తక్కువ డేటాతో 95 శాతం మందిని సరిగ్గా గుర్తుపట్టారు. పేరు లేదు, ముఖం లేదు, తల, చేతుల కదలికలు మాత్రమే. "పేర్లు తీసేశాం, ఇక ఎవరిదో తెలియదు" అన్న హామీ వీఆర్ డేటాకు చెల్లదని దీంతో అర్థమవుతోంది.

క్రూ భయం కూడా సరిగ్గా ఇదే. భుజం పైకి పూర్తిగా లేవడం లేదని రికార్డు అయితే రేపు దాన్ని మెడికల్ అన్‌ఫిట్‌కు వాడరని ఏమిటి నమ్మకం? వయసు పెరిగినవాళ్ళనూ, ప్రసవం తర్వాత తిరిగొచ్చినవాళ్ళనూ పక్కన పెట్టడానికి అది సాకు కాదా? ఈ భయం ఉన్నంతకాలం నొప్పి ఉన్నవాళ్ళు నొప్పి లేనట్టే కదులుతారు, అప్పుడు మీ కొలత మొత్తం తప్పవుతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి అడగమంటుంది. నేను ఇంకొంచెం ముందుకెళ్ళి మూడు విషయాలు కాగితం మీద రాసివ్వమంటాను. ఈ డేటా హెచ్‌ఆర్‌కు గానీ మెడికల్‌కు గానీ వెళ్ళదు. ప్రాజెక్టు ముగియగానే ముడి కదలికలు తుడిచేస్తారు. ఏ క్షణంలోనైనా ఎవరైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. కొలుస్తున్నది గ్యాలీనే గానీ మనిషిని కాదన్నది క్రూకు నమ్మకం కలగాలి.

## కొనే ముందు అడగండి

డెమో ఇవ్వడానికి వచ్చినవాళ్ళను ఈ మూడూ అడగండి. నడుము, పాదాల స్థానం కొలుస్తున్నారా, ఊహిస్తున్నారా? ఏ కీలు కోణం ఎన్ని డిగ్రీల తేడాతో వస్తుందో నిజం పనితో పోల్చి చూశారా? ముడి డేటాను మాకు ఇచ్చి మీ సర్వర్లో తుడిచేస్తారా?

ఆ తర్వాత మీ క్రూలో అందరికంటే పొట్టి అమ్మాయినీ, పొడుగు అబ్బాయినీ పిలిచి, వీఆర్‌లో పై అరను అందుకోమనండి. మణికట్టు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, చీలమండ నుంచి ఎంత ముందుకు ఉందో స్క్రీన్ మీద చూసి రాసుకోండి. నిజం గ్యాలీలో అదే పని చేయించి టేపుతో కొలవండి. తేడా రెండు మూడు సెంటీమీటర్లయితే ధర మాట్లాడుకోవచ్చు. పది దాటితే, డెమో ఎంత అందంగా ఉన్నా సంతకం పెట్టకండి.